బోర్డు పిలుపు దాకా

ఫిబ్రవరి 3, సోమవారం

అంగన్‌వాడీ రిజిస్టర్లు రాసీ రాసీ వేళ్ళు కాయలు కాశాయి గానీ, నా గురించి నేను ఒక్క ముక్క రాసుకున్నది లేదు. యూనియన్ వాళ్ళిచ్చిన ఈ డైరీ నెల రోజులుగా బియ్యం డబ్బా మీద పడి ఉంది. ఈ రోజు ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఒకటి మెడకు తగులుకుంది కాబట్టి దులిపి తీశాను.

ఖమ్మం వెళ్ళి వచ్చాం. మా ఆయన గుండెలో రెండు రక్తనాళాలు ముప్పాతిక వరకు మూసుకుపోయాయట. డాక్టరు తెర మీద బొమ్మ చూపించి, స్టెంట్ వేయించుకోవాలి, మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు, బీడీ ఇవాళ్టితో బంద్ అన్నాడు. "ముప్పై ఏండ్ల పొగ పెద్దాయనా. లోపల నాళాల గోడలన్నీ పాడైనయ్. ఇప్పుడు ఆపినా లాభమే, ఆలస్యమైందని అనుకోకు" అని నెమ్మదిగానే చెప్పాడు. మా ఆయన చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా విన్నాడు. పోనీలే, భయం పుట్టింది అనుకున్నాను. బస్టాండులో నీళ్ళ సీసా తెస్తానని వెళ్ళి, సీసా లేకుండా బీడీ కంపుతో తిరిగొచ్చాడు. ఈయన ఇంట్లో బీడీయే పెద్ద భార్య, నేను తరువాత వచ్చినదాన్ని.

ఇల్లందు దాటాక కిటికీలోకి చూస్తూ అసలు మాట బయటపెట్టాడు.

"స్టెంట్ ఇప్పుడొద్దు శ్రీదేవీ. ఏయించుకుంటే బోర్డుల ఫిట్ అంటరు."

బోర్డంటే మా కాలనీలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. బొగ్గుబాయి పనికి ఇక పనికిరాడని మెడికల్ బోర్డు డాక్టర్లు రాసిస్తే, ఆ కొలువు కొడుక్కి వస్తుంది. రిటైర్మెంటు దగ్గర పడితే అదీ ఉండదు. ఈయనకు గడువు ఈ ఏడాదితో సరి. పక్క లైనులో రెడ్యా అన్నకు పోయినేడు అన్‌ఫిట్ రాసిచ్చారు, ఆయన కొడుకు ఇప్పుడు హెల్మెట్ పెట్టుకుని మా గుమ్మం ముందు నుంచే డ్యూటీకి పోతాడు. మా హరి డిగ్రీ అయి, ఖమ్మంలో ఏడాది కోచింగ్ తీసుకుని, కానిస్టేబుల్ కాక, మంచం మీద ఫోన్ చూసుకుంటూ ఉన్నాడు.

"బోర్డు పిలుపు దాకా ఓపిక పట్టు. గా తర్వాత నువ్వు ఏం చెప్తే గది ఇంట" అన్నాడు.

"ఓపిక పట్టాల్సింది నేను గాదు, నీ గుండె" అన్నాను.

నవ్వాడు. నా చెయ్యి తీసుకుని ఛాతీ మీద పెట్టుకున్నాడు, బస్సులో అందరూ చూస్తుండగా. "సూడు, డ్యూటీ మంచిగనే చేస్తున్నది."

నేను గట్టిగా కాదనలేదు. ఎందుకు అనలేదో ఇక్కడ కూడా రాయబుద్ధి కావడం లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

మాత్రలైనా సరిగ్గా వేసుకుంటానని ఒప్పుకున్నాడు. పొద్దున నా ముందు వద్దట, బాయిలో తిన్నాక వేసుకుంటాడట. అట్టలు క్యారియర్ సంచిలో పెట్టి పంపుతున్నాను. నాకు అది చాలు.

ఫిబ్రవరి 19, బుధవారం

"గోలీలు ఏసుకున్నవా?"

"అవ్."

ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. ఉపవాసం ఉన్నాడు. అన్నం మానినవాడు బీడీ మానలేదు. అడిగితే, "గది తిండి కాదు గద" అన్నాడు. బాయి దిగే ముందు జేబులు తడిమి చూస్తారు, బీడీగానీ అగ్గిపెట్టెగానీ దొరికితే కొలువుకే ఎసరు. ఎనిమిది గంటలు భూమి లోపల బీడీ లేకుండా ఉండగలిగిన మనిషి, పైకి రాగానే ఎందుకు ఉండలేడో నాకు ఎన్నటికీ అర్థం కాదు. ఆ ఎనిమిది గంటల బాకీ అంతా గేటు బయట టీ బండి దగ్గర తీర్చేసుకుంటాడు, ఒకదాని నిప్పుతో ఇంకొకటి.

మాత్రలు వేసుకుంటున్నాడు కాబట్టి పర్వాలేదు.

మార్చి 6, గురువారం

ఈ రోజు నా కొడుకు నా కడుపు చల్లబరిచాడు. పెన్ను కంటే కాస్త లావుగా ఉన్న నల్ల గొట్టం ఒకటి తెచ్చి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాడు. నోట్లో పెట్టుకుని పీలిస్తే చాలు, అగ్గి లేదు, బూడిద లేదు. తెల్లటి ఆవిరి వస్తుంది, అది కూడా మామిడిపండు వాసనతో.

"ఇది పొగ కాదు నాన్నా, ఆవిరి. దీంతోని బీడీ మానొచ్చు. హైదరాబాదుల మా దోస్తు తెప్పిచ్చిండు."

ఆయన ఒకసారి పీల్చి దగ్గి, "పోరడు నాకు పీపీ కొనిచ్చిండు" అని నవ్వాడు. ఇంట్లో అందరం నవ్వాం. ఎన్నాళ్ళయింది ముగ్గురం ఒక్కసారి నవ్వి.

దీన్ని ఎట్లా వాడాలో హరికి ఇంత బాగా ఎట్లా తెలుసని అడగబోయి, మంచి పని చేసిన రోజున సతాయించడమెందుకని ఊరుకున్నాను.

మార్చి 15, శనివారం

ఇంట్లో బీడీ కంపు లేదు. దుప్పట్లు ఉతికాను. హరి గదిలో కూడా మామిడిపండు వాసనే. తండ్రి ఆ గదిలో కూర్చుని పీలుస్తున్నాడు కాబోలు. మామిడికాయలు ఇంకా చెట్టు మీదే ఉన్నాయి, మా ఇంట్లో మాత్రం పండ్లు మాగేశాయి.

మార్చి 22, శనివారం

మెట్లెక్కి వచ్చి గోడకు ఆనుకున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. మా క్వార్టరుకు ఉన్నవి నాలుగు మెట్లు.

"మాత్రలు పనిజేస్తలేవా ఏంది? ఖమ్మం పోదాం పా" అన్నాను.

"నిన్న లోపల గాలి తక్కువుండె. గంతే."

చొక్కా ఉతికేటప్పుడు జేబులో నల్ల గొట్టంతో పాటు బీడీ కట్ట కూడా ఉంది. ఒకటి ఇంటికి, ఇంకొకటి బయటికి. బీడీ మాన్పించడానికి వచ్చిన గొట్టం బీడీతో పొత్తు కలిసింది. నేను రెంటినీ మళ్ళీ ఆ జేబులోనే పెట్టాను.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. ఏటా భద్రాచలం పోయేవాళ్ళం, ఈసారి ఆయన నడవలేడని టీవీలోనే కల్యాణం చూశాం. తలంబ్రాలు పోసేటప్పుడు అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. ఏం మొక్కుకోవాలో తోచలేదు. ఆయన గుండె బాగుండాలనా, బోర్డు అయ్యేదాకా బాగుండకూడదనా. రాముడి ముందు ఆ మాట మనసులో కూడా అనడానికి నోరు రాలేదు. కళ్ళు తెరిచేసరికి ప్రకటనలు వస్తున్నాయి.

ఏప్రిల్ 7, సోమవారం

పిలుపు వచ్చింది. పదిహేడున కొత్తగూడెం రమ్మన్నారు. కాయితం పట్టుకుని గడప మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళందరికీ చెప్పాడు. ఇన్నేళ్ళ సంసారంలో ఆయన ముఖం అంత వెలిగిపోవడం హరి పుట్టినప్పుడు చూశాను, మళ్ళీ ఇవాళ చూశాను. "పద్దెనిమిది నాడే ఖమ్మం పోదాం. స్టెంట్ ఏయించుకుంట. బీడీ ఇగ ముట్ట" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఏప్రిల్ 9, బుధవారం

ఆయన పోయాడు. మా సారంగపాణి లేడు.

ఏప్రిల్ 19, శనివారం

పదకొండో రోజు అయిపోయింది. బంధువులు వెళ్ళిపోయారు. రాయకుంటే పిచ్చెక్కేలా ఉంది.

ఆ రోజు ఆయన మొదటి షిఫ్టు. దూలయ్య, ఆయన ఒకే షిఫ్టు, పాతికేళ్ళుగా ఒకరి టిఫిను ఒకరు తిన్నవాళ్ళు. దూలయ్య మా గుమ్మంలో నిలబడి లోపలికి రాకుండా చెప్పాడు. "పైకొచ్చినం వదినా. టోపీ లైటు అప్పజెప్పినం. టీ బండి కాడ కూసున్నడు. బీడీ ముట్టిచ్చిండు, రెండు దమ్ములు గుంజిండు. దూలిగా, ఇంకో వారమే అన్నడు. గంతే, పక్కకు ఒరిగిండు. నేను ఆట పట్టిస్తున్నడనుకున్న."

దవాఖానాకు తీసుకెళ్ళేసరికి ఏమీ లేదు. బాయి లోపల ఉన్నంతసేపు ఏమీ కాలేదు. పైకప్పు కూలలేదు, గ్యాసు పట్టలేదు. ముప్పై ఏళ్ళు నేను భయపడినవేవీ ఆయనను ముట్టలేదు. వెలుతురులోకి వచ్చాక, బల్ల మీద కూర్చుని పోయాడు.

సర్వీసులో ఉండగా పోయాడు కాబట్టి కొలువు ఎట్లయినా హరికే వస్తుందని యూనియన్ లీడరు ధైర్యం చెప్పాడు. ఆయన మంచి మనసుతోనే చెప్పాడు. నాకు మాత్రం ఆయన ముఖాన నీళ్ళు కొట్టాలనిపించింది.

మే 4, ఆదివారం

బీడీలు చుట్టే తునికాకు సీజన్ మొదలైంది. పొద్దున్నే అడవిలోంచి ఆడవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని కల్లానికి పోతున్నారు. పెళ్ళికాక ముందు నేనూ కోశాను. ఆకు మీద ఆకు పేర్చి, నారతో బిగించి కట్టలు కట్టేదాన్ని. మా అమ్మ నా కట్టలే అందరికంటే తీరుగా ఉన్నాయని మురిసేది. ఆ ఆకు ఎక్కడికి పోతుందో, ఎవరి నోట్లోకి పోతుందో నేనెప్పుడూ తలవలేదు. ఈ రోజు తలుపు వేసుకుని కూర్చున్నాను.

మే 11, ఆదివారం

అటక మీద ఆయన పాత బాయి బూట్లు ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తాయని కిందికి దించి దులిపాను.

మాత్రల అట్టలు పడ్డాయి. రెండో బూటులోంచి ఇంకా పడ్డాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవి, గుండె వేగం తగ్గించడానికి ఇచ్చినవి, కొవ్వుకి ఇచ్చినవి. నేను క్యారియర్ సంచిలో పెట్టి పంపినవన్నీ. ఒక్క అట్టకు కూడా చిల్లు పడలేదు.

"గోలీలు ఏసుకున్నవా?" "అవ్."

మే 12, సోమవారం

వేసుకుంటే బాగవుతాడు. బాగయితే బోర్డులో ఫిట్ అంటారు. ఆయన లెక్క అంతే. స్టెంట్ వద్దన్నది నాకు తెలిసిన లెక్క. ఇది నాకు తెలియకుండా చేసుకున్న లెక్క.

హరికి చెప్పలేదు. చెప్తే వాడు ఆ కొలువు ఎట్లా చేస్తాడు. అట్టలన్నీ బీరువాలో, ఆయన గడియారం పక్కన పెట్టాను. నల్ల గొట్టం కూడా అక్కడే ఉంది. ఆయన పెదవులకు తగిలిన వస్తువు కదా. అప్పుడప్పుడు తీసి వాసన చూస్తున్నాను. పారెయ్యడానికి చేతులు రావడం లేదు.

జూన్ 29, ఆదివారం

ఏమీ లేదు. వాన.

ఆగస్టు 18, సోమవారం

హరి ఫైలు కదిలింది. వచ్చే నెలలో వాడికి మెడికల్. అది నెగ్గితే ఆర్డరు. వాళ్ళ నాన్న ఫోటో ముందు చెప్పాను. చెప్పి, ఏడ్చి, మళ్ళీ సెంటరుకు పోయి పిల్లలకు గుడ్లు పంచాను.

వాడి గదిలో మామిడిపండు వాసన ఇంకా పోలేదు. పరుపుకు పట్టిందేమో, ఎండలో వేయాలి.

సెప్టెంబరు 8, సోమవారం

మెడికల్‌కు నేను కూడా వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది, లోపలి మాటలు వరండాలోకి వినిపిస్తున్నాయి.

"నాడి గింత జోరుగ కొట్టుకుంటున్నదేంది? బీపీ గూడ ఎక్కువనే ఉంది. ఇరవై మూడేండ్లకే?"

"భయమైతున్నది సార్."

"సిగరెట్?"

"లేద్సార్. ఎన్నడూ ముట్టలే."

"మీ నాన్న గుండెతోనే పోయిండు గద. జాగ్రత్త. వారం తర్వాత మళ్ళ రా, చూస్త."

నా కొడుకు సిగరెట్ ముట్టడని నాకూ తెలుసు. వరండాలో కూర్చుని గర్వపడ్డాను కూడా.

సాయంత్రం బట్టలు తీయడానికి పెరట్లోకి పోతే జామచెట్టు వెనక తెల్లటి ఆవిరి లేస్తోంది. హరి చేతిలో నల్ల గొట్టం ఉంది. ఆయన చేతిలోంచి ఒకసారి కింద పడి ఒక అంచున పెచ్చు లేచింది, ఆ పెచ్చుతో గుర్తుపట్టాను. బీరువాలోది, వాళ్ళ నాన్నది.

"అది మీ నాన్నది గదరా."

"నాది అయిపోయింది."

నాది. అంటే వాడికి ముందు నుంచే ఒకటి ఉంది. ఖమ్మం హాస్టల్‌లో అలవాటయిందట. తండ్రికి మందు తెచ్చి ఇచ్చాడని నేను మురిసిపోయిన రోజు, వాడు తన జబ్బే తెచ్చి పంచాడు.

"ఇది సిగరెట్ కాదమ్మా. వట్టి ఆవిరి. డాక్టర్‌కు నేనేం అబద్ధం చెప్పలే."

"వట్టి ఆవిరైతే గుండె అట్ల ఎందుకు కొట్టుకుంటున్నది?"

"వారం బంద్ పెడ్తా. నువ్వు లొల్లి చేయకు, చాలు."

వారం ఆపుతాడట. వాళ్ళ నాన్న బోర్డు తరువాత ఆపుతానన్నాడు. వీడు మెడికల్ ముందు ఆపుతానంటున్నాడు. ఈ ఇంట్లో మగవాళ్ళకు గుండె డాక్టరు చూసే రోజున ఒక్కటే ఉంటుంది కాబోలు.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఆపలేదు. తలుపు గడియ పెట్టుకుంటున్నాడు. గడియకు వాసన ఆగుతుందా.

సెప్టెంబరు 15, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున డెత్ సర్టిఫికెట్ కోసం బీరువా తీశాను. గుండె వేగం తగ్గించే మాత్రల అట్టలో రెండు గుంటలు ఖాళీగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నిండుగా ఉన్న అట్ట. ఎవరు, ఎందుకు అని అడగాల్సిన పని లేకపోయింది. హరి స్నానం చేసి, వాళ్ళ నాన్న తెల్లచొక్కా వేసుకుని, చాలా నెమ్మదిగా ఉన్నాడు.

బస్సులో దారంతా నాలో నేను కొట్టుకున్నాను. నోరు మూసుకుంటే సాయంత్రానికి కొలువు. ఆయన కోరుకున్నది, ఆయన దేనికోసం పోయాడో అది. ఆ ఒక్కటీ చేతికొస్తే ఆయన పోవడానికి కాస్తయినా అర్థం ఉంటుంది. నోరు తెరిస్తే అదీ ఉండదు.

ఈసారి డాక్టరు ముఖం తేటపడింది. "ఇప్పుడు మంచిగున్నది. పోయినసారి నిజంగనే భయపడ్డట్టున్నవ్" అంటూ పెన్ను తీశాడు.

నేను లోపలికి పోయాను. ఎవరూ పిలవలేదు.

"రాయకుండ్రి సార్. వాడు గోలీ మింగి వచ్చిండు. వాళ్ళ నాన్న గోలీ."

కొంగులోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టాను. నల్ల గొట్టం కూడా పెట్టాను, వాడు స్నానానికి పోయినప్పుడు దిండు కింద నుంచి తెచ్చుకున్నది. హరి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. డాక్టరు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని అమ్ముడే నేరం అమ్మా. పొగ లేకుంటేంది, దీంట్ల నికోటిన్ ఉంటది. గుండెను ఉరికిస్తది, నాళాలను బిగవట్టిస్తది. ఇంట్ల గుండె జబ్బున్నోడు ముట్టనే ముట్టొద్దు. గోలీతోని నాడి దాస్తే గుండె దాగుతదా?"

అన్‌ఫిట్ అని రాయలేదు. గొట్టం తన సొరుగులో పడేసి, ఆరు నెలలు వాయిదా వేశాడు. అది మానేసి, గుండె డాక్టరుకు చూపించుకుని, ఆ కాయితాలతో రమ్మన్నాడు. ఫైలు ఇక అడుగున పడుతుందని బయట గుమాస్తా అన్నాడు.

బస్టాండులో హరి నా వైపు చూడకుండా అన్నాడు. "నాన్న పాణం బెట్టి తెచ్చిన కొలువు. నువ్వు నోటితోని పోగొట్టినవ్."

బస్సులో వేరే సీటులో కూర్చున్నాడు.

ఆ కొలువుకు మన ఇంట్లోంచి ఒకరు పోయింది చాలు బిడ్డా. ఈ మాట అక్కడ అనలేకపోయాను, ఇక్కడ రాసుకుంటున్నాను.

సెప్టెంబరు 16, మంగళవారం

మాట్లాడలేదు. అన్నం తినలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

తిన్నాడు. మాట్లాడలేదు.

సెప్టెంబరు 18, గురువారం

మధ్యాహ్నం సెంటరు నుంచి వచ్చేసరికి హరి బీరువా ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. మిగిలిన అట్టలన్నీ ఒడిలో పెట్టుకుని, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"అమ్మా, ఇన్నెందుకు మిగిలినయ్?"

నేను చెప్పులు విప్పుతూ ఉండిపోయాను.

"నేను తీసినయి తప్ప ఒక్కటి గూడ తీయలే. నాన్న ఒక్కటన్నా మింగలేదా?"

అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. ఈ ఇంట్లో అది చాలా సులువుగా వస్తుంది.

"లేదురా. బూట్లల్ల దాచిపెట్టిండు. మింగితే మంచిగైతదని భయపడ్డడు. మంచిగైతే బోర్డుల ఫిట్ అంటరని."

వాడు చేతిలో ఉన్న అట్టను వెనక్కి తిప్పి చూశాడు. తరువాత, "నాకెవ్వరూ చెప్పలే" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. అట్టలన్నీ జారి నేల మీద పడ్డాయి. తండ్రి పోయిన రోజున ఏడవలేదు వాడు, మగపిల్లాడివి ధైర్యంగా ఉండాలని అందరూ అంటే ఉన్నాడు. ఈ రోజు నా ఒడిలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వీపు మీద చెయ్యి వేసి నిమిరాను. గుండె దబదబా కొట్టుకోవడం నా అరచేతికి తెలుస్తోంది.

మానేస్తానని వాడు అనలేదు. నేను అడగలేదు. ఇంకొకటి ఎప్పుడు కొన్నాడో, ఎక్కడ పెట్టాడో తెలియదు. వాడి చొక్కాలోంచి మామిడిపండు వాసన వస్తూనే ఉంది.